స్టూవర్టు కోల్ పండితుని పరిశోధనము – మన సంఘముల కర్తవ్యము



ఈ పత్రికయందు నేను సాధారణముగా విత్తనములను గూర్చియు, పచ్చిరొట్ట యెరువులను గూర్చియు వ్రాయుచుందును. ఈ నెల వరి ఎండాకు తెగులును గూర్చి వ్రాయుదునని మాట యిచ్చియుంటిని. అదియు నొక సూక్ష్మజీవి వలన కలుగు తెగులే. దాని కొఱకు పుస్తకములు తిరుగవేయుచుండగా, మనుష్యులకును పశువులకును రోగములు కలిగించు సూక్ష్మజీవులను చదువుటయందే జీవితమును గడపిన యొక శాస్త్రజ్ఞుని చరిత్రము నా కంటబడినది. ఆ దినములలోనే ఒక సహకార సంఘమునందు జరిగిన యొక వ్యవహారమును కన్నులార చూచితిని. ఈ రెంటికిని సంబంధము కలదు. కావున ఎండాకు తెగులును వచ్చు నెలకు వాయిదా వేసితిని, క్షమింపుడు.

మొదట ఆ వ్యవహారమును చెప్పెదను. నేను తిరుగు గ్రామములలో ఒకదాని సంఘమునకు ఒక రైతు సభ్యత్వము కొఱకు దరఖాస్తు పెట్టుకొనెను. అతనికి రెండెకరముల మాగాణి కలదు. బాకీలు లేవు. పది సంవత్సరముల క్రిందట అతనికి కుష్ఠువ్యాధి సోకినది. పండ్రెండు నెలలు మందు మ్రింగెను. నయమైనదని ప్రభుత్వ వైద్యులు పత్రమిచ్చిరి. ఎడమ చేతి వ్రేళ్లు రెండు మాత్రము ముడుచుకొని నిలిచిపోయినవి. పాలకవర్గమువారు "పొలము హద్దులు స్పష్టముగా లేవు" అని వ్రాసి దరఖాస్తును త్రిప్పి పంపిరి. హద్దులు స్పష్టముగానే యున్నవి. సర్వే రాళ్లను నేనే స్వయముగా చూచితిని. అసలు కారణమును వారు మినిట్సు పుస్తకములో వ్రాయలేదు. వెలుపల అరుగుమీద కూర్చుండి చెప్పిరి. "అయ్యా, తమరు ఉద్యోగస్థులు, నేడు వచ్చి రేపు పోవువారు. అది వారి వంశములో నున్న రోగము. అతడు పట్టుకొన్న ఎరువు బస్తాను మా పిల్లలు మోయవలయునా?" అని యొక పెద్దమనిషి నన్నడిగెను. నాకప్పుడు తగిన ప్రత్యుత్తరము తోచలేదు. ఈ వ్యాసమే నా ప్రత్యుత్తరము.

ఇక శాస్త్రజ్ఞుని సంగతి. ఆయన పేరు స్టూవర్టు కోల్. 1955 లో జన్మించి, ఇంగ్లండునందలి షెఫీల్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొంది, 1983 లో పారిసు నగరమందలి పాశ్చరు పరిశోధనాలయమున చేరెను. ఎయిడ్సు రోగమును కలిగించు వైరసు యొక్క జన్యులిపిని తొలుదొలుత చదివి 1985 లో ప్రకటించినవారిలో ఆయనయు నొకడు. తరువాత ఆయన దృష్టి క్షయ, కుష్ఠు అను రెండు పురాతన రోగములపై నిలిచినది. ధనిక దేశములు అప్పటికీ రోగములను దాదాపు మరచియుండెను. కీర్తిధనములను కోరువారు వానివైపు పోవు కాలము కాదు. ఆయన పోయెను. ఇందులకే ఆయనయెడల నాకు గౌరవము.

జన్యులిపి యన నేమని కొందరడుగవచ్చును. ప్రతి ప్రాణికిని, అది వరి మొక్కయైనను, ఎద్దైనను, కంటికి కానరాని సూక్ష్మజీవియైనను, దాని బ్రదుకునకు వలసిన ఆజ్ఞలన్నియు డీఎన్ఏ యను పదార్థమునందు వ్రాయబడియుండును. ఆ లిపికి అక్షరములు నాలుగే. సూక్ష్మజీవి రెండుగా చీలునపుడెల్ల ఆ వ్రాత అంతయు నకలు తీయబడును. నకలు తీయు గుమాస్తా ఎంతటి నేర్పరియైనను ఎప్పుడో ఒకప్పుడు అక్షరము తప్పును. ఒక్కొక్కప్పుడు పంక్తికి పంక్తియే వదలివేయును. ఆ తప్పులే శాస్త్రజ్ఞునకు ఆధారములు.

కోల్ పండితుడును, ఇంగ్లండునందలి సాంగరు కేంద్రమువారును కలిసి క్షయ సూక్ష్మజీవి లిపిని మొదటినుండి చివరవరకు చదివి 1998 లో ప్రకటించిరి. అందలి అక్షరములు 44,11,529. ఆ ప్రకటనకు నలువదిమందికి పైగా సంతకములు చేసిరి. ఇట్టి పనిని ఒక్కని ఘనతగా చెప్పుట తగదు. పదిమంది కూడి చేసిన పనియని మనవంటి సంఘములవారు తేలికగా గ్రహింపగలరు. అంతకు ముందే, 1992 లో, ఐసోనియాజిడ్ అను క్షయ మందునకు సూక్ష్మజీవి లొంగకపోవుటకు గల కారణమొకదానిని ఆయనయు సహచరులును కనుగొనిరి. మరుసటి యేట రిఫాంపిసిన్ అను మందు విషయమునను అట్లే తేల్చిరి. నేడు మన ప్రభుత్వ ఆసుపత్రులలో కఫమును పరీక్షించి, రెండు మూడు గంటలలో రోగమున్నదా, ఆ మందు పనిచేయునా యని చెప్పు సీబీనాట్ యంత్రము చూచునది ఈ రెండవ జన్యువునే.

పశువులను పెంచు మనము ముఖ్యముగా తెలిసికొనవలసిన సంగతి దీని తరువాత వచ్చును. మనుష్యులకు క్షయరోగము పశువుల వలన సంక్రమించినదని చిరకాలము చెప్పుచుండిరి. మానవుడు గోవులను మచ్చిక చేసిన కాలమున వాని రోగము మనకంటినదని పెద్ద పెద్ద గ్రంథములలోనే వ్రాసిరి. 2002 లో కోల్ పండితుని శిష్యబృందములోని రోలాండు బ్రాష్ మొదలగువారు, అనేక దేశముల మనుష్యులనుండియు పశువులనుండియు తీసిన క్షయ సూక్ష్మజీవుల లిపులను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూచిరి. మరుసటి యేట పశుక్షయ సూక్ష్మజీవి లిపి సంపూర్ణముగా వెలువడెను. అందలి అక్షరములు 43,45,492. రెంటికిని పోలిక నూటికి 99.95 పాళ్లకు పైగా నున్నది. భేదమెచ్చటననగా, పశువుల దానియందు కొన్ని ఖండములు లోపించియున్నవి. అవి మనుష్యుల దానియందు పదిలముగా నున్నవి.

దీని యర్థమును దస్తావేజులతో వ్యవహరించు ప్రతి రైతును చెప్పగలడు. ఒక క్రయపత్రమునకు రెండు నకళ్లున్నవనుకొనుడు. మొదటి దానిలో తూర్పు హద్దు వ్రాసియున్నది. రెండవదానిలో ఆ పంక్తి లేదు. హద్దు లేని నకలును చూచి హద్దు గల నకలును వ్రాసినారని ఎవడైన చెప్పిన మనము నమ్ముదుమా? లేని పంక్తి ఎచ్చటనుండి వచ్చును? కావున మనుష్యుని క్షయ పశువు క్షయనుండి పుట్టినది కాదు. రెండును ఒక మూలపత్రమునుండి వచ్చిన నకళ్లే. ఆ మూలమునకు మనుష్యుని శాఖయే సన్నిహితమని తేలినది. చిరకాలముగా గోవుపై మోపిన నేరము ఈ విధముగా కొట్టివేయబడినది.

ఇందువలన పచ్చిపాలు త్రాగవచ్చునని మాత్రము తలపవలదు. పశుక్షయ పాలద్వారా మనుష్యునకు, ముఖ్యముగా బాలురకు, సోకును. క్షయ సూక్ష్మజీవిని 1882 లో కనుగొన్న రాబర్టు కాక్ అంతవాడు సైతము 1901 లో పశుక్షయ వలన మనుష్యులకు పెద్ద భయము లేదని చెప్పి పొరపడెను. పాలు కాచియే త్రాగుడు. నేరము మొదట ఎవరిదన్న ప్రశ్న వేరు, నేడు జాగ్రత్త పడుట వేరు.

బిడ్డలకు వేయు బీసీజీ టీకా సంగతియు ఇందే తేలినది. కాల్మెట్, గెరెన్ అను ఫ్రెంచివారిద్దరు 1908 మొదలు 1921 వరకు పశుక్షయ సూక్ష్మజీవిని గ్లిసరినుతోను పైత్యరసముతోను తడిపిన బంగాళదుంప ముక్కలమీద 230 సారులు మార్చి మార్చి నాటిరి. తుదకు దాని క్రౌర్యము నశించెను. ఎందుచేత నశించెనో వారెఱుగరు. ఆ నాటులలో ఒక ముఖ్య ఖండము జారిపోయినదని లిపులను పోల్చిన పిమ్మట తెలిసినది. దానిని కోల్ బృందమువారు మరల చేర్చి చూడగా కొంత క్రౌర్యము తిరిగివచ్చెను. ఒక నాటునుండి మరియొక నాటునకు విత్తనము ఎట్లు మారిపోవునో మనమెఱిగినదే.

ఇప్పుడు కుష్ఠువునకు వత్తము. ఈ సూక్ష్మజీవిని నార్వే దేశమునందు హాన్సెన్ అను వైద్యుడు 1873 లో కనుగొనెను. నాటినుండి నేటివరకు దానిని ఏ ప్రయోగశాలయందును కృత్రిమమైన ఆహారముపై పెంపజాలకపోయిరి. దక్షిణ అమెరికాలోను, ఉత్తర అమెరికా దక్షిణ భాగములోను మన అలుగును పోలిన పెంకు కవచము గల ఆర్మడిల్లో అను జంతువు కలదు. దాని దేహములో మాత్రము అది సమృద్ధిగా పెరుగును. అట్లు పెంచిన దానినుండి లిపిని తీసి కోల్ పండితుడును సాంగరువారును చదివి, 2001 ఫిబ్రవరిలో ప్రకటించిరి. వారు చదివిన ఆ వంగడము మన పొరుగున నున్న తమిళనాడులోని యొక రోగినుండి సేకరింపబడినది. అందుచేతనే దానికి టీఎన్ అని పేరు పెట్టిరి. పేరు తెలియని ఆ మనుష్యుని శరీరమునుండి వచ్చిన వ్రాతయే నేడు ప్రపంచమునందలి కుష్ఠు పరిశోధకులందరకును మాతృక.

అక్షరములు 32,68,203. పుటకు రెండువేల అక్షరముల వంతున 1,600 పుటలకు మించిన గ్రంథము. కాని ఆ గ్రంథములో సగము చెల్లనిదని తేలినది! పనిచేయు జన్యువులు సుమారు 1,600 మాత్రమే. చెడిపోయి పనికిరాక పడియున్నవి 1,100 కు పైగా నున్నవి. క్షయ సూక్ష్మజీవిలో పనిచేయు జన్యువులు నాలుగువేల దరిదాపున నున్నవి. అడంగలులో సర్వే నంబర్లన్నియు ఉండి, పొలమునకు పోయి చూచిన సగము బీడుపడిన గ్రామమువంటిది ఇది.

ఎందుచేత నిట్లయ్యెను? కృష్ణా మండలమునందు వరి కోసిన పిదప చల్లిన మినుము చేలలో బంగారు తీగను చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. దానికి ఆకులు లేవు. మొలచిన కొలదిదినములకే నేలతో సంబంధము తెగును. మినుము మొక్కను పెనవేసికొని దాని రసమును పీల్చి బ్రదుకును. పరుల యింట భుజించువానికి దుక్కి మరచిపోవును. కుష్ఠు సూక్ష్మజీవియు అట్లే మనుష్యుని నరములను, చర్మమును ఆశ్రయించి, స్వతంత్రముగా జీవించు విద్యలను ఒక్కొక్కటిగా పోగొట్టుకొన్నది. అది ఒకటి రెండగుటకు సుమారు రెండువారములు పట్టును. జీవదేహము వెలుపల తానై పెరుగజాలదు. గోనెసంచిమీద అది పంట పండదు. అరుగుమీద నన్నడిగిన పెద్దమనిషికి నా మొదటి ప్రత్యుత్తరము ఇది.

2005 లో కోల్ బృందమువారు 21 దేశములనుండి తెచ్చిన 175 నమూనాలను పోల్చిరి. 2009 లో బ్రెజిలు మొదలగు దేశముల వంగడముల లిపులను తమిళనాటి దానితో సరిచూచిరి. బ్రెజిలు వంగడమునకును తమిళనాటి దానికిని పోలిక నూటికి 99.995 పాళ్లు. ఇరువది వేల అక్షరములకు ఒక్కటి మాత్రమే తప్పుచున్నది! లోకమునందలి కుష్ఠురోగులలో మిక్కిలి ఎక్కువమందికి రోగకారణము ఒకే జీవి. ఇది రాజుకొకటి, పేదకొకటి కాదు. ఒక కులమునకు ఒకటి, మరియొక కులమునకు ఒకటి కాదు. బ్రెజిలులో పనిచేయు మందు మన గ్రామమందును పనిచేయుటకు ఇదియే ఆధారము.

ఈ రోగము భారతదేశమున పుట్టి అలెగ్జాండరు సైనికులవెంట ఐరోపాకు పోయినదని వెనుకటి చరిత్రకారులు చెప్పెడివారు. తూర్పు ఆఫ్రికా లేక సమీపప్రాచ్యమున పుట్టి జనుల వలసలతో నలుదిక్కులకు వ్యాపించెననియు, పశ్చిమ ఆఫ్రికానుండి బానిసల ఓడలలో అమెరికాకు పోయెననియు 2005 నాటి పోలికలు సూచించెను. తరువాత ఐరోపాలో పూర్వపు అస్థికలను పరీక్షింపగా అచ్చటను పలురకములు కానవచ్చుటచే పుట్టుచోటు ఇదియేయని ఎవరును గట్టిగా చెప్పజాలకున్నారు. నా మట్టుకు నాకు, అది ఎచ్చట పుట్టెనన్న తగవుకంటె, 2013 లో ప్రకటించిన యొక సంగతి ముఖ్యముగా తోచినది. మధ్యయుగమునందు ఐరోపాలో మృతులైన కుష్ఠురోగుల ఎముకలనుండి లిపిని తీసి నేటిదానితో పోల్చిరి. దాదాపు వేయి సంవత్సరములలో మార్పు అత్యల్పము. ఐరోపానుండి ఆ రోగము తొలగిపోయినది సూక్ష్మజీవి బలహీనపడుటచేత కాదు. మారినవారు మనుష్యులు: వారి దేహబలమో, నివాసములో, జీవనమో మారియుండవలెను. అమెరికాలో ఆర్మడిల్లోల యందును (2011), ఇంగ్లండులోని ఉడుతలయందును (2016) ఈ జీవిని కనుగొని, అచ్చటి రోగుల వంగడములతోను, పాత అస్థికలలోని వానితోను సరిపోల్చినవారిలోను ఆయన బృందమే యున్నది. పదేండ్లకు పైగా స్విట్జర్లాండు దేశమున పనిచేసి, 2018 మొదలు 2023 వరకు పాశ్చరు పరిశోధనాలయమునకే అధ్యక్షుడై యుండెను.

"వంశములో నున్న రోగము" అనుమాటకు ఇక ప్రత్యుత్తరము చెప్పవచ్చును. రోగనిరోధశక్తి కొందరికి పుట్టుకతో ఎక్కువగాను, కొందరికి తక్కువగాను ఉండవచ్చును. నూటికి తొంబదిమందికి పైగా ఈ జీవిని తమంతట తామే ఎదిరింపగలరు. కాని రోగము వంశమునందు వ్రాయబడియున్నది కాదు. వ్రాయబడియున్నది ఆ సూక్ష్మజీవిలో. దాని వ్రాతను ఆమూలాగ్రముగా చదివినారు. ఒకే కప్పుక్రింద దీర్ఘకాలము కలిసియుండి మందు లేకున్న సోకును. అందుచేత ఒకే కుటుంబములో పలువురకు కనబడును. మందు మ్రింగ నారంభించిన కొలదికాలమునకే రోగినుండి ఇతరులకు సోకుట ఆగిపోవును. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ అను మూడు మందులను ఆరు నెలలో, పండ్రెండు నెలలో వాడిన నయమగును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున వానిని వెల లేకుండ ఇచ్చెదరు. ముడుచుకొన్న వ్రేళ్లు రోగము కాదు. అది రోగము విడిచిపోయిన గుర్తు. గాలివానకు వంగిన కొబ్బరిచెట్టును చూచి గాలివాన ఇంకను ఉన్నదనువాడు లేడుగదా!

నన్ను నేను మంచివాడనని చెప్పుకొనుటకు ఇది వ్రాయుట లేదు. నేను మిషను పాఠశాలలో చదువుకొనునప్పుడు దానికి మైలు దూరమున ఒక కుష్ఠు ఆశ్రమముండెడిది. అచ్చటివారు పండించిన వంకాయలు మా వసతిగృహమునకు వచ్చుచున్నవని ఒకనాడు తెలిసెను. మేము నలుగురు బాలురము మూడు దినములు కూర ముట్టక మజ్జిగతో భోజనము చేసితిమి. నాలుగవనాడు మా గురువుగారు మా పంక్తిలో కూర్చుండి, ఆ వంకాయకూరను వడ్డించుకొని, ఒక్క మాటయైనను అనకుండ తినిపోయిరి. నేను ఆనాడును తినలేదు. ముప్పదియేండ్లు దాటినవి; ఆ వంకాయలు ఇప్పటికిని గొంతులో అడ్డుపడుచున్నవి. కావున ఆ గ్రామపు పెద్దమనిషిని నేను తప్పుపట్టజాలను. ఆయన భయము నేనెఱిగిన భయమే. కాని ఆయన చేతిలో సంఘపు ముద్ర యున్నది. బాలుడనైన నా చేతిలో కంచము మాత్రమే యుండెను.

మన దేశమున ఈ రోగము పదివేలమందికి ఒకరికంటె తక్కువయైనదని 2005 చివర ప్రభుత్వమువారు ప్రకటించిరి. అంతటితో చాలమంది అది పోయినదే యనుకొనిరి. 2023 లో ప్రపంచమంతటను క్రొత్తగా కనుగొన్న రోగులలో సగమునకు పైగా మన దేశమువారే. దాచుకొనుటయే ఇందులకొక పెద్ద కారణమని నా యభిప్రాయము. స్పర్శ తెలియని మచ్చ కనబడినవాడు ఆసుపత్రికి పోవుటకు ముందు తన పరపతిని తలంచుకొనును. సంఘము తలుపు మూయునని తెలిసినచో మచ్చను చొక్కాక్రింద దాచును. దాచిన రోగమే సోకును, దాచిన రోగమే వ్రేళ్లను వంచును. మన భయము మనలను కాపాడుట లేదు, రోగమునకు కాపుగాయుచున్నది.

చట్టము మనకంటె ముందు నడచుచున్నది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టమును 2016 లో పార్లమెంటు రద్దుపరచినది. కుష్ఠువును విడాకులకు కారణముగా చెప్పుటను 2019 లో తొలగించినది. మన సంఘముల ఉపనిబంధనములలో పాతకాలపు మాట ఏదైన మిగిలియున్నదేమో ప్రతి కార్యదర్శియు చూడవలెను. ఉన్నయెడల మహాజనసభలో తీర్మానించి తీసివేయవలెను. అంతకంటె ముఖ్యము, దరఖాస్తు త్రిప్పి పంపునపుడు నిజమైన కారణమునే మినిట్సులో వ్రాయవలెనని నియమము పెట్టుకొనుడు. అరుగుమీద చెప్పగలిగిన మాటను పుస్తకములో వ్రాయుటకు సిగ్గుపడుదుమేని, ఆ మాటను విడిచివేయుటయే మేలు.

సభ్యత్వము లేనందున ఆ రైతు గత సంవత్సరము నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చెను. పంటలో లాభమంతయు దానికే పోయెను. ఇప్పుడతడు మరల దరఖాస్తు వ్రాసినాడు. ఈసారి హద్దుల పటమును, వైద్యుల పత్రమును దానికి జతపరచితిమి. సభ వచ్చు నెల మొదటి వారమున జరుగును. నాకచ్చట వోటు లేదు, సభ్యులకు కలదు. దుక్కిలో ఎరువు వేయుటకు ఆ పైన పదిదినములు మాత్రమే మిగులును.